కదలిక అని పక్కన పెట్టిన మూడు గుండెలు

ఈ పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఏ కెమెరా మంచిది, ఏ రంగు మంచిది, ఎక్కడ చదివితే బాగా నేర్పుతారు అని అడుగుతారు. ఆ జవాబులు పుస్తకాల్లో దొరుకుతాయి. నేను రాయగలిగింది వేరు. కాలేజీ రోజుల నుంచి రోజుకొక పేజీ చొప్పున డైరీ రాస్తున్నాను. ఉద్యోగం వదిలాక వాటన్నిటినీ వరసగా మళ్ళీ చదివాను. ప్రమోషన్లు, మీటింగులు, ఇన్స్పెక్షన్లు తీసేస్తే ఎవరికైనా పనికొచ్చేవి కొన్ని రోజులే మిగిలాయి. వాటిలో ఎక్కువ నేను తప్పు చేసిన రోజులు.

పని అంటే ఇది

అనకాపల్లి దాటాక హైవే దిగి చెరకు తోటల మధ్యకి వెళ్ళే రోడ్డు మీద మా లేబరేటరీ ఉండేది. ప్రైవేటుది. మందుల కంపెనీలు కొత్త మందు తయారు చేస్తే, దాన్ని మనుషులకి ఇవ్వబోయే ముందు గుండెకి చెరుపు చేస్తుందేమో చూడమని మాకు పంపేవి. మేం కుందేలు గుండె మీద చూసి చెప్పేవాళ్ళం.

కుందేలుకి మత్తిచ్చి గుండె తీయాలి. గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి గాజు గొట్టం కట్టి, ఆక్సిజన్ కలిపిన వెచ్చటి ఉప్పునీళ్ళు ఎక్కించాలి. కత్తెర పడినప్పటి నుంచి నీళ్ళు ఎక్కేదాకా రెండు నిమిషాలు దాటకూడదు. దాటితే గుండె కొట్టుకుంటుంది గాని అది చెప్పే మాట నమ్మలేం. గొట్టంలో గాలి బుడగ దూరినా అంతే. నా మొదటి ఏడాది డైరీలో 'బుడగ' అన్న మాట పదకొండు చోట్ల ఉంది. అంటే పదకొండు కుందేళ్ళు ఉత్తినే పోయాయి.

తరువాత ఒక రంగు ఎక్కిస్తాం. అది గుండె కణాల పొరకి అంటుకుంటుంది. పొర మీద కరెంటు మారగానే రంగు వెలుగు కూడా కొంచెం మారుతుంది. గది చీకటి చేసి, ఒక రంగు దీపం వేసి, సెకనుకి వెయ్యి బొమ్మలు తీసే కెమెరాతో చూస్తే గుండె మీద కరెంటు పాకడం కనిపిస్తుంది. గుండె మీద ఎక్కడ వేలు పెట్టి అడిగినా కంప్యూటర్లో ఒక గీత వస్తుంది. ఆ గీత చటుక్కున ఎక్కుతుంది, కాసేపు నిలబడుతుంది, మెల్లగా దిగుతుంది. దిగే భాగాన్ని మేం తోక అనేవాళ్ళం.

చెడ్డ మందు ఎక్కువగా తోకలోనే దొరుకుతుంది. తోక సాగుతుంది, లేదా దిగుతూ దిగుతూ మళ్ళీ లేస్తుంది. అలా లేచినదాన్ని గూను అనేవాళ్ళం. ఆ గూను దగ్గర మొదలై గుండె లయ తప్పుతుంది. రక్తం తోయడం మానేసి ఉత్తినే వణుకుతుంది. మనిషైతే నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడు. ఆ గూను ఉందా లేదా అన్నదే మా ఉద్యోగం మొత్తం.

కుందేళ్ళ గది చూసే సన్యాసిరావుకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా మొదటి వారం నుంచీ బావా అనే పిలిచేవాడు. "గుండెలు తీసిన బంటువి బావా నువ్వు," అనేవాడు. "నాను పెంచుతాను, నువ్వు కోత్తావు. కోసి పుస్తకంలో రాసుకుంటావు. యముడూ నువ్వే, సిత్రగుప్తుడూ నువ్వే." నవ్వేవాణ్ణి. ఆ మాటలో నవ్వాల్సింది ఎక్కువ లేదని తరువాత తెలిసింది.

లారీలు

ఇందులో ఒక చిక్కుంది. కరెంటు ముందు పాకుతుంది, కండ తరువాత ముడుచుకుంటుంది. గీత ఎక్కేటప్పుడు గుండె ఇంకా కదలలేదు కాబట్టి ఎక్కడం శుభ్రంగా వస్తుంది. దిగేసరికి కండ ముడుచుకుంటోంది. కెమెరా కింద ఒక చుక్క ఉన్నచోట పక్క చుక్క వచ్చి నిలబడుతుంది. వెలుగు మారుతుంది. ఆ మార్పు కరెంటుదా, కదలికదా?

నాకు పని నేర్పిన ప్రొఫెసరు గారు కోపిష్టి. గొట్టం కట్టడం ఆలస్యమైతే చేతిమీద పట్టకారుతో కొట్టేవారు. కానీ మాతో సమానంగా చీకటి గదిలో నిలబడేవారు, తన తప్పు కూడా బోర్డు మీద రాసేవారు. అలాంటి పైవాళ్ళ దగ్గర దెబ్బలు తిన్నా నష్టం లేదు. ఆయన మాకు చెప్పింది ఒకటే మాట: కదిలేదాన్ని నమ్మకు. నేను అనకాపల్లి వచ్చాక ఆ మాటనే పట్టుకున్నాను.

చేరిన మూడో ఏడు ఒక మందుకి గూనులు రావడం మొదలైంది. ఒకసారి వచ్చేవి, మరోసారి రావు. మా లేబరేటరీ డైరెక్టరు గారు మందు చెడ్డదని రాసెయ్యమన్నారు. నాకు అనుమానం. చెరకు గానుగాడే రోజులు. మా గేటు ముందు స్పీడు బ్రేకరు మీదుగా చెరకు లారీలు ఎగిరిపడుతూ వెళ్ళేవి. రెండు రోజులు సన్యాసిరావుని గేటు దగ్గర కూర్చోబెట్టి, లారీ ఎక్కి దిగిన ప్రతిసారీ గోడ గడియారం చూసి రాయమన్నాను. లోపల నేను గూనుల టైము రాశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే లారీకొక గూను.

బల్ల కాళ్ళ కింద ఇసుక పెట్టెలు పెట్టించాం. గూనులు పోయాయి. మందు నింద నుంచి బయటపడింది. ఆ రోజు డైరీలో 'ఒక మంచి మందుని కాపాడాం' అని రాసుకున్నాను. అప్పటి నుంచి ఏ గీతలో ఏ అనుమానం వచ్చినా అందరూ నా దగ్గరికే తెచ్చేవారు. నేను చూసి కదలిక అంటే కదలిక. నిజానికి అది నేను గెలిచిన ఒక్క కేసు. దాని మీద ఇరవై ఏళ్ళు బతికాను.

ఆపుడు మందు

తరువాత కదలిక గొడవే లేకుండా ఒక దారి వచ్చింది. ఒక రసాయనం ఎక్కిస్తే గుండెలో కరెంటు మామూలుగానే నడుస్తుంది, కండ మాత్రం ముడుచుకోదు. మేం దాన్ని ఆపుడు మందు అనేవాళ్ళం. గుండె గాజు గిన్నెలో కదలకుండా వేలాడుతుంది. కంప్యూటర్లో మాత్రం అల మీద అల పాకుతుంటుంది. గీతలు అచ్చు వేసినట్టు వచ్చేవి. నాకు ఎంతో నచ్చింది. ప్రతి మందుకీ ఆపుడు మందు ఎక్కించే చూడాలని మా పని పద్ధతి పుస్తకంలో రాసింది నేనే.

నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు నూకరత్నం చేరింది. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు. వాళ్ళమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని మా అనకాపల్లి బజారుకే వచ్చి చేపలమ్మేది. ఈ పిల్ల డాక్టరేటు చేసి, కొట్టుకుంటున్న గుండెనే ఫోటో తీసే పద్ధతి నేర్చుకుని వచ్చింది. గుండె మీద సన్నటి నల్లచుక్కలు పెడుతుంది. ఏ చుక్క ఎటు కదిలిందో కంప్యూటరు వెంటాడుతుంది. అలా ఒకే రికార్డులో కరెంటూ, కండ లాగుడూ రెండూ వస్తాయి. గుండె లోపల ఒక చిన్న నీటి బెలూను పెట్టి, రక్తం నిండినప్పుడు గోడల మీద పడే ఒత్తిడి కూడా ఇచ్చేది.

చేరిన నెలలోనే నన్ను అడిగింది. "సార్, ఆపుడు మందేసిన గుండె పనిచెయ్యట్లేదు కదండి. పనిచెయ్యని గుండె మీద సూసి, పనిచేసే గుండెకి ఏం కాదని ఎలా సెప్తారు?"

ప్రశ్న నాకు నచ్చలేదు. ఏళ్ళ తరబడి అందరూ అలాగే చెబుతున్నారని అన్నాను. అది జవాబు కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

దురద మాత్ర

ఒక కంపెనీ దురదలకి, దద్దుర్లకి వాడే మాత్ర పంపింది. మా పద్ధతి ప్రకారం ఆరు గుండెలు ఆపుడు మందుతో చూశాం. గీతలు శుభ్రంగా ఉన్నాయి. తోక కొంచెం సాగింది, భయపడాల్సినంత కాదు. డైరెక్టరు గారు కొత్త పద్ధతి కంపెనీలకి చూపిస్తే బాగుంటుందని, నూకరత్నాన్ని మరో ఆరు గుండెలు కొట్టుకుంటుండగా చూడమన్నారు.

ఆ ఆరింటిలో మూడింటికి, మోతాదు పెంచినప్పుడు, తోక మీద చిన్న గూను వచ్చింది.

ఆమె కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది కరెంటేనండి సార్," అంది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. గూను ఉన్న చోట కండ బాగా ముడుచుకుంటోంది. కదలిక అన్నాను. చుక్కల లెక్కతో కదలిక తీసేశాక మిగిలిన గూను ఇది అంది. మీ లెక్క కదలికనంతా తీసిందని ఎలా తెలుసు అన్నాను. అది మొదటిసారి.

కదలికో కరెంటో తేల్చడానికి ఒక మార్గం ఉంది. ఒకే గుండెని రెండు రంగుల వెలుగులో, రెండు కెమెరాలతో, ఒకేసారి తీయాలి. కదలికైతే రెండు రంగుల్లోనూ గీత ఒకే వైపు లేస్తుంది. కరెంటైతే ఒకదాంట్లో లేచి, రెండోదాంట్లో పడుతుంది. మాకు రెండు కెమెరాలు ఉండేవి గాని రెండోది రిపేరుకి వెళ్ళింది. రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

నూకరత్నం ఊరుకోలేదు. ఉన్న ఒక్క కెమెరాకే గుండె కొట్టుకునే ఒక దెబ్బకి ఒక రంగు ఫిల్టరు, తరువాత దెబ్బకి ఇంకో రంగు ఫిల్టరు మార్చి తీసింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. గూను రెండో రంగులో తలకిందులుగా ఉంది. నేను ఏమన్నానో డైరీలో ఉంది: 'ఒక దెబ్బా ఇంకో దెబ్బా ఒకటి కావు. ఒకేసారి తీయనిది రుజువు కాదు.' ఇందులో ఒక్క మాట కూడా తప్పు లేదు. అక్కడే నేను పోయాను. ప్రతి మాటా సరిగ్గా ఉన్నప్పుడు మనిషికి తన మీద అనుమానం రాదు.

మూడోసారి, రిపోర్టు మీద నేను సంతకం పెట్టే రోజున వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మూడు వారాలు ఆగండి సార్. కెమెరా వచ్చేత్తాది. లేదంటే ఈ మూడు గుండెల సంగతీ చివర్లోనైనా రాయండి. అనుమానం ఉందని రాయండి, అంతే."

"చూపించలేనిదాన్ని రాయకూడదమ్మా."

"మందు మనుషులు మింగుతారు కదండీ."

"అందుకే కదా ఇంత జాగ్రత్త."

ఆ ముగ్గురి రికార్డుల మీద నా చేత్తోనే 'కదలిక' అని రాసి పక్కన పెట్టాను. ముగ్గురి అని రాశాను, చూడండి. అవి కుందేళ్ళు. ఇప్పుడు డైరీ చదువుతుంటే అలాగే వస్తోంది, దిద్దను.

డైరెక్టరు గారు నన్ను తొందరపెట్టారని రాస్తే నాకు బాగుండేది. చదివేవాళ్ళూ అదే ఆశిస్తారు. ఆయన తొందరపెట్టలేదు. మూడు వారాలు అడిగితే ఇచ్చేవారు. నేను అడగలేదు. కొత్తగా వచ్చిన పిల్ల నా పద్ధతిలో కన్నం ఉందంటోంది. ఆ కన్నం లేదని సంతకం పెట్టాను. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

రెండో కెమెరా

కెమెరా వచ్చింది. రిపోర్టు అప్పటికే వెళ్ళిపోయింది. కంపెనీ వేరే పరీక్షలన్నీ ముగించుకుని మనుషుల మీద చూడటానికి ఏర్పాట్లు చేసుకుంటోందని విన్నాం.

సన్యాసిరావు గదిలో వేరే పనికి తెచ్చి మిగిలిపోయిన కుందేలు ఒకటుంది. సీసాలో దురద మందు అడుగున కొంచెం ఉంది. నూకరత్నం జంతువుల మీద పరీక్షలకి అనుమతిచ్చే కమిటీకి కాగితం పెట్టి ఆ ఒక్క కుందేలుకే అనుమతి తెచ్చుకుని, రెండు కెమెరాలతో ఒకేసారి తీసింది. ఫలితం నాకు ముందు చెప్పింది సన్యాసిరావే. ఆ రోజు చీకటి గదిలో ఆమెకి సాయం నిలబడ్డాడు. "బావా, ఆ పిల్ల అన్నదే అయింది. ఒకటి పైకి లేత్తే ఒకటి కిందకి పడతంది. నాకే తెలిసింది, నీకు తెలవదా?" అన్నాడు.

ఆమె కాగితం పెట్టి నిలబడింది. నేను చాలాసేపు చూశాను. చూడగానే తెలిసింది. అది కూడా రాయాలి: నాకు చూడగానే తెలిసింది. గుండె ముడుచుకుంటూ లోపలి ఒత్తిడికి గోడలు లాగబడుతున్నప్పుడు, ఈ మందు సాగదీసిన తోక మీద కరెంటు మళ్ళీ లేస్తోంది. ఆపుడు మందు వేస్తే ఆ లాగుడే ఉండదు, గూనూ ఉండదు. మా పద్ధతి పుస్తకం ప్రకారం చూస్తే ఎప్పటికీ కనిపించదు.

అయినా నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఒక్క గుండె. ఒక్క గుండెతో ఏం చెబుతాం? ఇంకో ఆరు చేద్దాం. అనుమతికి పెడతాను."

అనుమతికి పెట్టాను. పెట్టిన తేదీ డైరీలో ఉంది. గుర్తు చేసిన తేదీ లేదు. ఎందుకంటే గుర్తు చేయలేదు. నా రిటైర్మెంటుకి కొన్ని నెలలే ఉన్నాయి. సంతకం పెట్టిన రిపోర్టు వెనక్కి తీసుకోవడం అప్పటిదాకా నా చేతి మీదుగా ఒక్కసారీ జరగలేదు.

నూకరత్నం రెండు నెలలు చూసి మానేసింది. తీరంలో రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలో లేబ్ పనికి కుదిరింది. వెళ్ళే రోజున నాకు నమస్కారం పెట్టి, "ఆ కాగితం మీ దగ్గరే ఉందిగా సార్," అంది. ఉందన్నాను. నిజంగానే ఉంది. డైరీలో జిగురు పెట్టి అంటించాను. పారెయ్యకపోవడమే నిజాయితీ అనుకున్నాను.

అడిగినప్పుడు

ఒక రోజు మధ్యాహ్నం డైరెక్టరు గారు పిలిచారు. తలుపు వేయమన్నారు. దురద మాత్ర మీద మనుషుల పరీక్ష మొదలైందట. మూడో రోజున ఒక మనిషి స్నానాల గదికి నడిచి వెళ్తూ పడిపోయాడట. గుండె ఆగింది. చూసేసరికి కొన్ని నిమిషాలు అయింది. ఛాతీకి కరెంటు పెట్టి గుండెని తిరిగి నడిపించారు. మనిషి బతికాడు. మెదడుకి రక్తం అందని నిమిషాలు మాత్రం తిరిగి రావు. పక్కన పెట్టినవాటితో సహా మా రికార్డులన్నీ పంపమని విచారణ చేసేవాళ్ళు అడుగుతున్నారట.

నేను డైరీ తెచ్చి ఆ పేజీ విప్పాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఇది రిపోర్టు ముందా, తరువాతా?"

"ఇది తరువాత. ఆ మూడు గుండెలు ముందు."

"నాకెందుకు చెప్పలేదు?"

 ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ పేజీ లేకపోయినా ఎవరికీ తెలియదు అన్నారు. బెదిరించినట్టు అనలేదు. నాకు ఒక దారి చూపిస్తున్నట్టు, దయగానే అన్నారు. దయగా చెప్పే ఈ రకం మాటలతోనే జాగ్రత్తగా ఉండండి. అరిచే పైవాడి ముందు మనిషి ఎదురు నిలుస్తాడు. మర్యాదస్తుడి ముందు మెత్తబడతాడు.

పంపుదామన్నాను. పేజీ కాపీ తీసి, మూడు గుండెల రికార్డులతో కలిపి పంపించాం. ఎవరు ఏం చెప్పారో, నేను ఏమన్నానో రాసి సంతకం పెట్టాను. ఆ మాత్ర ఆగిపోయింది. అంతవరకు జరిగింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పద్ధతి ప్రకారమే చేశానని తేల్చారు. వీడ్కోలు రోజున శాలువా కప్పి, నా క్రమశిక్షణ గురించి ముగ్గురు మాట్లాడారు.

చీడికాడ వైపు

పరీక్షకి వెళ్ళినవాళ్ళ పేర్లు బయటపెట్టరు. నాకూ తెలియదు. కానీ సన్యాసిరావు అత్తారిది చీడికాడ అవతల ఊరు. అక్కడ గోవిందు అనే రైతు మందుల పరీక్షకి వెళ్ళి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఇంటికి వచ్చాడని విన్నాడు. ఏం మందని అడిగితే దురద మందన్నారు. నాకు వచ్చి చెప్పాడు. ఈసారి బావా అనలేదు.

వెళ్ళాను. సన్యాసిరావు తోడొచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. తెలిశాక వెళ్ళకపోవడం కుదరలేదు.

చెరకు కొట్టేసిన మడి పక్కన రెండు గదుల ఇల్లు. గోవిందు అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు ఉండవు. చెరకు మోపులు ఎత్తిన భుజాలు ఇంకా అలాగే ఉన్నాయి. కళ్ళు మనవైపే ఉంటాయి గాని మనల్ని చూడవు. భార్య పైడమ్మ. ఆస్పత్రి నుంచి వచ్చారా అని అడిగింది. కాదు, ఆ మందుని ముందు కుందేళ్ళ మీద చూసింది మేమే అని సన్యాసిరావు చెప్పాడు.

ఆమె లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో ఆస్పత్రి కాగితాలన్నీ ఉన్నాయి. చదవమంది. చదివాను. ఈసీజీ మామూలు. గుండె పంపు చేయడం మామూలు. గుండెకి లోపం ఏమీ లేదు.

"గుండె బాగుందనే రాసేరు కదా బాబూ?"

"అవునమ్మా. గుండె బాగుంది."

"అందరూ అదే అంటన్నారు. గుండె బాగుంది, గుండె బాగుందని. మరి మనిషేడి?"

గోవిందు మణికట్టు పట్టుకుని చూశాను. అలవాటు. నాడి గడియారంలా నడుస్తోంది. కంప్యూటర్లో గీసి చూస్తే అందమైన గీత వస్తుంది. నేను ఆమెకి అంతా చెప్పాను. గూను అంటే ఏమిటో, ఎవరు చూశారో, ఎవరు కొట్టిపారేశారో. ఆమె వింటూ మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది. "అయితే ఎవురో ఒకలకి ముందే తెలుసు?" తెలుసన్నాను. నూకరత్నం పేరు చెప్పాను. ఆ అమ్మాయిని ఒకసారి తీసుకురాగలరా అంది.

ఆ మాట అడగడానికి హేచరీకి వెళ్ళాను. నూకరత్నం రబ్బరు బూట్లతో నీళ్ళ తొట్టెల మధ్య నిలబడి ఉంది. మనుషుల పరీక్షలో ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అక్కడ, ఆ మోటార్ల చప్పుడులో, నేను చెప్పాను. ఆమె తొట్టె గట్టు మీద కూర్చుండిపోయింది. ఎప్పుడెళ్దాం అంది.

ఇక్కడ ఆగి మీకు చెప్పాల్సినది చెప్పేస్తాను. ఆపుడు మందు వాడొద్దని నేను అనను. దానితో చూసింది ఆగిన గుండె సంగతి అని రిపోర్టులో మొదటి వాక్యంగా రాయండి. అనుమానం రుజువయ్యేదాకా రాయకూడదని నేర్పుతారు. అనుమానాన్ని అనుమానంగానే రాయడానికి రుజువు అక్కర్లేదు. మీరు పక్కన పెట్టినవాటి జాబితా వేరొకరికి చూపించండి. మీకంటే చిన్నవాళ్ళు రెండోసారి అదే మాటతో వస్తే, వాళ్ళు వెళ్ళగానే మీ పద్ధతిని బల్ల మీద పెట్టుకుని చూడండి. ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసు. తెలియడం వల్ల ఏమీ ఆగలేదు.

మేం ముగ్గురం ఆదివారం వెళ్ళాం. పైడమ్మ నూకరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొహంలోకి చూసింది.

"నువ్వేనా అమ్మా సెప్పినదానివి?"

"నానేనమ్మా." 'నాను' అనడం లేబరేటరీలో ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

"మరి ఇన్లేదా ఈయన?"

నూకరత్నం నా వైపు తిరగలేదు. తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "నాదే తప్పమ్మా," అంది. "ఒక్కసారైనా గట్టిగా అరిసి సెప్పుంటే ఇనేవారు. సిన్నదాన్నని బయపడ్డాను. పనొదిలేసి ఎల్లిపోయేను."

సన్యాసిరావు నా మొహం చూశాడు. నేను ఆ క్షణంలో కూడా ఊరుకోగలిగేవాణ్ణి. ఆ పిల్ల నా తప్పు తన నెత్తిన పెట్టుకుంది, దింపమని ఎవరూ అడగలేదు. ఊరుకోవడం నాకు వచ్చిన పనే.

"కాదమ్మా," అన్నాను. "ఆమె చెప్పింది. నాలుగు సార్లు వచ్చి చెప్పింది. నేనే వినలేదు."

పైడమ్మ నన్ను తిట్టలేదు. "నాలుగు సార్లా," అంది.  తరువాత ఆయనకి గంజి పట్టే వేళయిందని లేచింది. నూకరత్నం కూడా లేచి, గిన్నె అందుకుని, గోవిందు గడ్డం కింద తువ్వాలు పట్టుకుంది. ఒక్కో చెంచాకీ ఆయన నోరు తెరిచేదాకా ఇద్దరూ ఆగారు. గంజి అయిపోయేసరికి చాలాసేపు పట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు.